బానిసయైన జ్ఞాని

సుఖముగా జీవించుటకు ధనము, అధికారము, దేహారోగ్యము కావలెనని లోకులు సామాన్యముగా తలంతురు. ఈ మూడింటిలో ఒక్కటియు లేని మనుజుడు చక్కగా జీవింపగలడా? ఈ ప్రశ్నకు ప్రాచీన గ్రీకు తత్త్వవేత్తలలో ఒకడు తన జీవితముతోనే సమాధానము చెప్పెను. అతడు బానిస, కుంటివాడు, పిదప రాజాజ్ఞచే నగరమునుండి వెడలగొట్టబడినవాడు. అతని పేరు ఎపిక్టీటసు.

ఎపిక్టీటసు సుమారు క్రీ. శ. 50వ సంవత్సరమున ఫ్రిజియా దేశమునందలి హీరాపొలిసు అను పట్టణమున జన్మించెను. ఆ పట్టణపు శిథిలములు నేటి టర్కీ దేశమున ఉన్నవి. ఎపిక్టీటసు అను గ్రీకు పదమునకు 'సంపాదింపబడినవాడు' అని అర్థము. సంతలో కొన్న వస్తువునకు తగిన ఆ పేరే ఆ మహనీయునకు కడవరకు నిలిచినది. అతని యజమాని ఎపఫ్రొడిటసు రోము నగరమున నివసించుచుండెను. ఈ యజమానియు ఒకప్పుడు బానిసయే. విడుదల పొంది, నీరో చక్రవర్తి కొలువున కార్యదర్శియై, గొప్ప పదవి ననుభవించెను.

యజమాని ఒకనాడు ఎపిక్టీటసు కాలును మెలిపెట్టుచుండగా, అట్లు చేసినచో విరుగునని అతడు శాంతముగా హెచ్చరించెననియు, నిజముగా విరిగిన పిదప, ముందే చెప్పితిని గదా యని మాత్రమే పలికెననియు ఒక కథ కలదు. వ్యాధివలన కుంటివాడయ్యెనని మరికొందరు వ్రాసిరి. కారణమేదైనను, ఆ అవిటితనము అతని చదువునకు అడ్డుపడలేదు. బానిసగా నున్నప్పుడే అతడు మ్యుసోనియసు రూఫసు అను ఆచార్యునియొద్ద తత్త్వశాస్త్రము నభ్యసించెను. పిమ్మట స్వేచ్ఛను పొంది, తానును బోధకుడయ్యెను.

అతడు అనుసరించినది స్టోయికుల మార్గము. సైప్రసు ద్వీపవాసియగు జీనో దానిని క్రీ. పూ. 300 ప్రాంతమున ఏథెన్సు నగరమున స్థాపించెను. వర్తకమునకై బయలుదేరిన జీనో ఓడ మునిగి, సరకు కోల్పోయి ఆ నగరము చేరెనని ప్రాచీనులు వ్రాసిరి. అచట చిత్రములతో నలంకరింపబడిన ఒక స్తంభముల మంటపమున అతడు శిష్యులకు బోధించుచుండెను. అట్టి మంటపమును గ్రీకుభాషలో 'స్టోవా' అందురు. కావుననే ఆ శాఖవారికి స్టోయికులను పేరు కలిగెను.

ఎపిక్టీటసు బోధకు మూలమైనది ఒక్క విభజనము. లోకమునందు కొన్ని మన యధీనములు, కొన్ని మన యధీనములు కావు. మన అభిప్రాయములు, కోరికలు, ప్రయత్నములు మన యధీనములు. దేహము, సంపద, కీర్తి, పదవి పూర్తిగా మన యధీనములు కావు. రెండవవానిని మొదటివిగా భ్రమించుటయే దుఃఖమునకు మూలమని అతడు చెప్పెను.

ఇది సోమరితనమును బోధించు మాట కాదు. కృషీవలుడు సకాలమున దున్నును, విత్తును, కలుపు తీయును. వర్షము అతని చేతిలో లేదు. వర్షము కురియునో కురియదో యని దున్నుట మానినవాడు అవివేకి. చక్కగా దున్నియు, వాన కురియలేదని తన్ను తాను నిందించుకొనువాడును అవివేకియే. ఎపిక్టీటసు బంతియాటను దృష్టాంతముగా చూపెను. ఆటగానికి బంతి విలువైన వస్తువు కాదు. దానిని నేర్పుతో పట్టుట, విసరుట మాత్రమే ముఖ్యము. జీవితమున లభించు వస్తువులును అట్టివే. వానిని ఎట్లు వినియోగించితిమను దానియందే మన మంచిచెడ్డలు కలవు.

ఈ బోధకు అతని నడవడియే సాక్ష్యము. ఒకనాటి రాత్రి అతని ఇంట దేవతలయొద్ద నుంచిన ఇనుప దీపమును దొంగ యెత్తుకొనిపోయెను. అతడు కోపింపక, రేపు మట్టి దీపము తెచ్చుకొందమని తలచెను. ఆ దొంగ దీపమునకు వెలగా తన నిజాయితీనే చెల్లించెనని అతని భావము. తరువాత జరిగినది వింతయైన విషయము. ఎపిక్టీటసు మరణించిన పిదప ఒకడు ఆ మట్టి దీపమును 3,000 ద్రాఖ్మలకు కొనెనని లూషియను అను రచయిత తెలిపెను. దాని వెలుగున చదివినచో అతని జ్ఞానము తనకు వచ్చునని ఆ కొన్నవాని ఆశ! దీపము అంగడిలో దొరకును గాని వివేకము దొరకదు గదా!

క్రీ. శ. 93 ప్రాంతమున డొమిషియను చక్రవర్తి తత్త్వవేత్తలను రోమునుండి బహిష్కరించెను. ఎపిక్టీటసు గ్రీసు దేశపు పశ్చిమ తీరమునందలి నికోపొలిసు పట్టణమునకు పోయెను. ఆ పేరునకు 'విజయనగరము' అని అర్థము. క్రీ. పూ. 31లో సముద్రయుద్ధమున తాను గెలిచినందుకు గుర్తుగా అగస్టసు దానిని కట్టించెను. వెడలగొట్టబడిన బోధకుడు అచట పాఠశాల స్థాపింపగా, సంపన్న కుటుంబముల యువకులు దూరదేశములనుండి వచ్చి అతని ముందు కూర్చుండిరి.

వారిలో అనేకుల ఇండ్ల బానిసలు కలరు. సేవకుడు వేడినీటికి బదులు గోరువెచ్చని నీరు తెచ్చినను కోపింపరాదనియు, అతడును ఒకే దేవుని సంతానమగుటచే సోదరుడేననియు గురువు వారికి బోధించెను. ఒకప్పుడు తానే బానిసయైనవాడు యజమానుల బిడ్డలకు చెప్పిన మాట యిది. బానిసత్వమను ఆచారమును తొలగింపవలెనని అతడు ఉద్యమింపలేదు. అది ఆ కాలపు లోపము. దుష్టాచారములను ఓర్చుకొనుటయే కాక, వానిని మాన్పుటకు ప్రయత్నించుటయు మన యధీనమే యని నేటి పాఠకుడు ఆ విభజనమునకు చేర్చుకొనవలెను.

ఎపిక్టీటసు తానై గ్రంథములు వ్రాయలేదు. అర్రియను అను శిష్యుడు ఆ ఉపన్యాసములను వ్రాసి యుంచెను. వానిలో నాలుగు సంపుటములును, 'చేతిపుస్తకము' అను చిన్న సంగ్రహమును నేటికిని లభించుచున్నవి. క్రీ. శ. 161 మొదలు 180 వరకు రోము సామ్రాజ్యమునేలిన మార్కసు అరీలియసు చక్రవర్తి యౌవనమున ఆ ఉపన్యాసములను చదివి, వానిని తనకిచ్చిన గురువునకు కృతజ్ఞత తెలుపుకొనెను.

నీరో కొలువునందలి సేవకుని బానిస, ఆ సింహాసనముపై తరువాత కూర్చుండిన చక్రవర్తికి గురుతుల్యుడయ్యెను. ధనము, అధికారము, దేహబలము మనుజుని చేతినుండి జారిపోవచ్చును. సత్యముగా ఆలోచించుటయు, ధర్మముగా నడచుటయు మాత్రము ఎవరును లాగికొనలేని సొత్తు. ఆ సొత్తును కాపాడుకొనువాడే చక్కగా జీవించువాడు.