తోడేలు పేరుగల వ్యాధి

లాటిను భాషలో లూపస్ అనగా తోడేలు. మధ్యయుగములనాటి ఐరోపా వైద్యులు కొందరి ముఖములమీద లేచిన పుండ్లను చూచి, తోడేలు కరచినట్లున్నవని తలంచి, వానికి ఆ పేరు పెట్టిరి. ఆ దినములలో చర్మమును తినివేయు పలువిధముల వ్యాధులకు ఆ యొక్క పేరే వాడుకలో నుండెను. 1851లో కజెనావ్ అను ఫ్రెంచి వైద్యుడు ఈ యెఱ్ఱని రకమునకు వేరు పేరుంచెను. 1872లో వియన్నా నగరవాసియగు కపోసి, ఇది చర్మముతో ఆగక దేహములోపలి అవయవములను సైతము పట్టునని వ్రాసెను. తోడేలు పేరు మాత్రము నిలిచిపోయినది. పిల్లలు ఈ పేరు విని భయపడనక్కరలేదు. ఇది ఒకరినుండి మఱియొకరికి అంటు వ్యాధి కాదు. ఈ వ్యాధి గలవారితో ఒకే బల్లమీద కూర్చుండవచ్చును, ఒకే చెంబుతో నీళ్లు త్రాగవచ్చును.

మన దేహములో రోగక్రిములతో పోరాడు శక్తి యొకటి కలదని ప్రకృతిశాస్త్ర పాఠములో చదివియున్నారు గదా. బయటినుండి వచ్చిన క్రిమిని గుర్తుపట్టి చంపుట దాని పని. లూపసు గలవారియందు ఆ శక్తియే స్వజనమును పరులని భ్రమించి కీళ్లను, చర్మమును, మూత్రపిండములను, గుండెకును ఊపిరితిత్తులకును చుట్టునుండు పొరలను బాధించును. కంచె చేను మేసినదని మనవారు చెప్పు మాట ఇచ్చట అక్షరాల సరిపోవును. పుట్టుకతో వచ్చిన గుణము, సూర్యరశ్మి, స్త్రీల శరీరమునందలి కొన్ని రసములు దీనికి దోహదము చేయునని వైద్యులు కనుగొనిరి. రోగులలో పదింట తొమ్మిదిమంది స్త్రీలు. అందును 15 మొదలు 44 ఏండ్ల నడుమనే యెక్కువమందికి ఇది బయటపడును. అనగా మన పై తరగతుల బాలికలకును, వారి తల్లులకును ఈ పాఠముతో సంబంధము కలదు.

ఈ వ్యాధిని పోల్చుకొనుట కష్టము. ముక్కుమీదుగ రెండు చెక్కిళ్లకు వ్యాపించి, రెక్కలు చాచిన సీతాకోకచిలుకవలె ఒక మచ్చ కొందరికి కనుపడును. తెల్లనివారి ముఖముపై అది యెఱ్ఱగ నుండును. మనబోటి చామనచాయ ముఖములపై ముదురు గోధుమరంగుగనో నల్లగనో ఉండుటచేత ఇంటివారు దానిని మంగు అని తలంచి అంగడి లేపనములు పూయుదురు. చేతివ్రేళ్ల కీళ్లు ఉదయమున బిగిసికొనిన, వాతము అందురు. జుట్టు రాలిన, నీళ్లు పడలేదందురు. జ్వరము వచ్చి పోవుచుండిన, నీరసము అందురు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమాధానము దొరకును గనుక అన్నిటిని కలిపి చూచువారుండరు. అన్నిటికంటె కఠినమైనది అలసట. రాత్రియంతయు నిద్రించి లేచినను తీరనిది. అది కంటికి కనుపడదు. కనుపడనిదానిని లోకము సోమరితన మనును. బడిలో ఆ మాట మొదట అనువారు ఉపాధ్యాయులే కావచ్చును.

రక్తపరీక్షలు కలవు. ఏ.ఎన్.ఏ. అను పరీక్ష లూపసు గలవారిలో ఇంచుమించు అందరికిని ఉన్నట్లే చూపును. అయితే ఆరోగ్యవంతులలో కొందరికి సైతము అట్లే చూపును గనుక ఆ కాగితమొక్కటి చూచి ఎవరును తీర్పు చెప్పుకొనరాదు. లక్షణములు, మూత్రపరీక్ష, ఇతర రక్తపరీక్షలు కలిపి చూచి కీళ్లవ్యాధుల వైద్యుడు నిర్ణయింపవలెను. మూత్రపిండములకు కలుగు హాని నొప్పి లేకయే కలుగును. మూత్రములో నురుగు నిలిచియుండుట, పాదములు వాచుట, రక్తపోటు పెరుగుట దాని గుర్తులు. ఇది మాత్రము చదువరులు మరువకుందురు గాక.

చికిత్స సంగతి. 1955లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, రోగము తెలిసిన నాలుగేండ్లకు సుమారు సగముమందియే బ్రతికియుండిరి. నేడు మంచి వైద్యము దొరకు దేశములలో అయిదేండ్లకు పదింట తొమ్మిదిమందికంటె ఎక్కువగ జీవించుచున్నారు. మలేరియా కొరకు పుట్టిన హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మాత్ర ఈ మార్పులో పెద్ద పాలు వహించినది. అది మెల్లగ, వారములమీద పనిచేయును. వ్యాధి మరల విజృంభింపకుండ కాపాడును. కంటిని ఏండ్లకొలది వాడకము బాధింపవచ్చును గనుక కంటిపరీక్షలు తప్పరాదు. ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడు మాత్ర మంటను త్వరగ ఆర్పును గాని ముఖమును గుండ్రముగ ఉబ్బించును, ఎముకలను పలుచబరచును. దానిని హఠాత్తుగ మానుట ప్రాణాపాయము. వ్యాధికొరకే ప్రత్యేకముగ తయారైన బెలిముమాబ్ 2011లోను, అనిఫ్రోలుమాబ్ 2021లోను అమెరికాలో అనుమతి పొందినవి. అవి ఖరీదైనవి. మన బీదయిండ్లకు పాత మాత్రలే దిక్కు. ఆ పాత మాత్రలు మానకుండ వేసికొనిన చాలమందికి అవియే చాలును.

మానకుండ అంటిమి. మానుటకు కారణము ధనము మాత్రమే కాదు, దాచుట.

అమెరికా రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ చరిత్ర ఈ విషయమున తెలిసికొనదగినది. ఆమె 1925లో జార్జియా రాష్ట్రమున పుట్టెను. ఆమెకు పదునైదవ యేట, 1941లో, తండ్రి లూపసువలననే మరణించెను. 1950 డిసెంబరులో ఆమెయును జబ్బుపడగా, తండ్రి మరణము కన్నులయెదుట నుండినందున, తల్లి వ్యాధి పేరు బిడ్డకు చెప్పనీయలేదు. కీళ్లవాతమని నమ్మించిరి. ఏడాదిన్నర తరువాత, 1952 వేసవిలో, ఒక స్నేహితురాలు నిజము చెప్పెను. తల్లి దాచినది ప్రేమచేతనే, సందేహము లేదు. కాని తనకు వచ్చినదేమో తెలిసిన పిమ్మటనే ఆ యువతి తన దినములను లెక్కగ వాడుకొన నేర్చెను. తల్లితో పల్లెపట్టున నెమళ్లను పెంచుకొనుచు, ప్రతి ఉదయము శక్తి యున్నంతసేపు వ్రాసి, తుంటియెముక చెడి చంకకఱ్ఱలు పట్టినను మానక, రెండు నవలలును రెండు సంపుటములకు సరిపడు కథలును వ్రాసి, 1964లో 39వ యేట చనిపోయెను. తన వ్యాధివంటిది గలవారి సంఘమేదియు ఆమెకు లేదు. ఉత్తరములే ఆమె సంఘము. అవి 1979లో గ్రంథముగ వెలువడినవి.

మన యిండ్లలో దాచుట మఱియొక విధము. పెండ్లి కావలసిన పిల్లకు ఈ వ్యాధి యున్నదని తెలిసిన తోడనే తల్లిదండ్రులు నోరు మూసికొందురు. సంబంధము చెడునని భయము. ఆ భయము ఊరక పుట్టినది కాదు. చెడిన సంబంధములను మేమును ఎరుగుదుము. పెండ్లియైన పిదప ఆ పిల్ల మాత్రలను బియ్యపు డబ్బాలో దాచి, అత్తగారు గుడికో చర్చికో పోయినప్పుడు మ్రింగును. డబ్బా బయటపడునన్న దినమున అసలే మానివేయును. మేమెరిగిన యొక బాలిక అట్లు ఎనిమిది మాసములు మానినది. కాళ్లు వాచి ఆసుపత్రికి చేరునప్పటికి రెండు మూత్రపిండములును పనిచేయుట మానినవి. నేడు వారమునకు రెండుమారులు యంత్రముమీద రక్తశుద్ధి చేయించుకొనుచున్నది. వ్యాధి అదుపులో ఆరు మాసములైన ఉండి, వైద్యుని సలహాతో నడచిన, ఇట్టి స్త్రీలలో అనేకులు బిడ్డలను సురక్షితముగ కనుచున్నారు. ఈ సంగతి ముందుగనే ఇరుపక్షములవారికి వైద్యుని నోట చెప్పించియుండిన ఆ పిల్ల కథ వేరుగ నుండునని ఆమె తల్లియే మాతో చెప్పినది.

ఆ తల్లి నెలనెల వచ్చు కూటమును గూర్చి ఇప్పుడు చెప్పవలెను. మా పట్టణములో ఈ వ్యాధి గలవారు పదునాలుగుమంది నెలలో రెండవ ఆదివారము మా బడిలోని ఆరవ తరగతి గదిలో కూడుదురు. గది తాళము మాయొద్ద నుండుటచేత వారిని ఎరుగుదుము. వారు ప్రొద్దు గ్రుంకిన పిమ్మటనే వత్తురు. ఎండ వారికి శత్రువు. పదునాలుగుమందిలో ఒకడే పురుషుడు, లారీ డ్రైవరు, తక్కినవారు స్త్రీలు. పిల్లలకొరకు చేసిన బల్లలు పొట్టివి గనుక కొందరు నేలమీద చాపలు పరచుకొందురు. ఆ గదిలో లేచి కూర్చుండుటకు ఆలస్యమైన, ఎవరును ఎందుకని అడుగరు. మాకు మొదట వింతగ తోచిన దిదియే. బయట ప్రతివానికిని తమ నొప్పిని రుజువు చేయవలసినవారు ఇచ్చట రుజువు చేయనక్కరలేదు.

కబుర్లతోనే కాలము గడుపుదురనుకొనరాదు. ప్రతివారికి ఒక నోటుపుస్తకము కలదు. మూత్రపరీక్ష తేదీ, రక్తపోటు, వేసికొన్న మాత్రలు అందులో వ్రాయుదురు. వ్రాయనేరని యిద్దరికి మా పదవ తరగతి బాలిక వ్రాసిపెట్టును. ఒకమారు క్రొత్తగ వచ్చినామె ఏదో మాటలో మూత్రము నురుగు కట్టుచున్నదని చెప్పగా, పాతవారు నలుగురు ఒక్కసారిగ మరునాడే ఆసుపత్రికి పొమ్మనిరి. పోయినది. సమయమునకు చికిత్స దొరకినది. పెద్ద వైద్యునికొరకు హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు పోవలసినవారితో, ఆ దారి యెరిగిన మఱియొకరు తోడుపోవుదురు. 2020 మార్చిలో కరోనాకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందగునన్న మాట లోకమంతట ప్రాకి, పలుదేశముల అంగళ్లలో ఆ మాత్ర కరవైనది. మార్చి 25న మన ప్రభుత్వము దాని ఎగుమతిని నిషేధించెను. కరోనాకు అది పనిచేయలేదని పిదప పరీక్షలలో తేలినది. లూపసు రోగులు మాత్రము నడుమ నలిగిపోయిరి. ఆ దినములలో ఈ కూటమువారు ఎవరియొద్ద ఎన్ని మాత్రలున్నవో టెలిఫోనులో లెక్క చూచుకొని, వైద్యుని అడిగి, ఒక అట్ట మిగిలినవారు లేనివారికి పంపిరి.

ఇట్టి కూటములందు ఒక కీడును కలదు. తనకు కుదిరినది అందరికిని కుదురునని చెప్పు వారెచ్చటను ఉందురు. అందుచేత వీరు ఒక నియమము పెట్టుకొనిరి: ఒకరి మాత్ర పరిమాణమును మఱియొకరు మార్చి చెప్పరాదు. ఆకుపొడి అమ్మవచ్చినవానిని లారీ డ్రైవరు గుమ్మములోనుండియే త్రిప్పి పంపెను. వానికి టీ యిచ్చిరనుట నిజము. రోగి దుఃఖము ఎక్కువైన దినమున గదియంతయు క్రుంగును. అట్టి దినములలో ఇంటికిపోయి రెండు దినములు మంచమెక్కువారు కలరు. రానివారిని బలవంతపెట్టరాదని మా అభిప్రాయము. కొందరికి ఒక స్నేహితురాలే చాలును.

బడివారికి కొన్ని మాటలు. ఈ వ్యాధిగల పిల్లను ప్రార్థనసభలో ఎండలో నిలుపరాదు. మబ్బు దినమునకూడ సూర్యుని హానికర కిరణములు దిగును. నిండు చేతుల రవికెయు, గొడుగును, టోపీయు దుస్తుల నియమమునకు విరుద్ధములని పట్టుబట్టరాదు. వ్యాయామ మసలే వద్దని కాదు, నీడలో చేయించవలెను. ఉదయమున వ్రేళ్లు బిగిసియుండును గనుక వ్రాతపరీక్షలో అధిక సమయమునకు వైద్యుని చీటీతో ముందుగనే దరఖాస్తు పెట్టించవలెను. ముఖము ఉబ్బినదని పెట్టు మారుపేర్లను మొదటి దినముననే ఆపవలెను. తల్లిదండ్రులు వ్యాధి పేరు ప్రధానోపాధ్యాయునికి చెప్పిన చాలును. తరగతికి చెప్పుట చెప్పకపోవుట పిల్ల యిష్టము. ఈ సంవత్సరము మా బడిలో వేపచెట్టు క్రింది వరుసను తొమ్మిదవ తరగతికి మార్చితిమి. ఎవరి కొరకో పిల్లలు అడుగలేదు. నీడ దొరకినదని సంతోషించిరి.