పిల్లల పోస్టు తీసేస్తే ఏం చెప్పాలి?

పదో తరగతి కుర్రాడు తనకు నచ్చని సినిమా గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు మాటలు రాశాడనుకోండి. ఆ హీరో అభిమానులు మూకుమ్మడిగా రిపోర్టు కొట్టారు. పోస్టు పోయింది. ‘నాకు మాట్లాడే హక్కు లేదా?’ అని వాడు చిందులు తొక్కుతుంటే, చాలా ఇళ్లలో ముందు వినిపించేది ‘నీకెందుకురా ఇవన్నీ, ఫోన్ ఇటివ్వు’ అనే మాటే. దాంతో గొడవ సద్దుమణుగుతుంది కానీ వాడి ప్రశ్నకు జవాబు దొరకదు. నిజానికి అది మంచి ప్రశ్న.

రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం ముఖ్యంగా ప్రభుత్వం మన నోరు నొక్కకుండా కాపాడేది. 2012లో బాల్ ఠాక్రే మరణించినప్పుడు జరిగిన బంద్ మీద ఫేస్‌బుక్‌లో వ్యాఖ్య రాసిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలినీ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. అది చూసి శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు, అలాంటి అరెస్టులకు వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది. ఎదుటివారికి రుచించని మాట వేరు, హింసకు ఉసిగొల్పే మాట వేరు అని తేల్చింది. ఈ కథ పిల్లలకు చెప్పండి.

కంపెనీ పోస్టు తీసేయడం మాత్రం వేరే సంగతి. అకౌంటు తెరిచేటప్పుడు చదవకుండానే ఒప్పుకున్న షరతుల కిందకు అది వస్తుంది. అలాగని దాని ఇష్టారాజ్యమూ కాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 50 లక్షలకు పైగా యూజర్లున్న సోషల్ మీడియా సంస్థ తనంతట తాను పోస్టు తీసేస్తే కారణం చెప్పాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశమివ్వాలి.

కాబట్టి పక్కన కూర్చుని ఆ పోస్టు చదవండి. సినిమాను విమర్శించాడా, లేక హీరో కులాన్నో హీరోయిన్ ఒంటినో ఎత్తిపొడిచాడా? విమర్శే అయితే వాడి చేతే అప్పీలు పెట్టించండి. రెండోదైతే పోస్టు పోవడమే సబబని చెప్పండి, కోప్పడకుండా.

రేపు వాడే రిపోర్టు కొట్టే గుంపులో ఉండొచ్చు. నచ్చని మాటకు మాటతోనే బదులివ్వాలని, రిపోర్టు ఉన్నది బెదిరింపుల మీదా వేధింపుల మీదా వాడటానికని ఇప్పుడే నేర్పండి. అలాంటి బెదిరింపు వాడికే వస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని, రిపోర్టు చేసి, బ్లాక్ చేయాలి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరూ తెలిసుండాలి. అయితే ఫోన్ లాక్కుంటారన్న భయం ఉన్న పిల్లలు ఇవేవీ మీ దాకా తీసుకురారు.

ఇంకొక్క మాట. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో బాబాయి పెట్టిన ఫార్వర్డ్ అబద్ధమని మీ అమ్మాయి ఆధారంతో చూపిస్తే, ‘పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది’ అని ఆపకండి. మాట మర్యాదగా ఉందా లేదా అన్నదే చూడండి. ఉంటే, బాబాయినే జవాబు చెప్పనివ్వండి.