ముందొక చక్రం, వెనకొక చక్రం

2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చింది. ఆత్మకూరు పక్కన సోమశిల డ్యాం గేట్లు ఎత్తారు. నెల్లూరు జిల్లాలో ఎన్నో ఊళ్ళను నీళ్ళు చుట్టుముట్టాయి. రోడ్లు కోసుకుపోయాయి. ఆ వానలకే అనంతపురం జిల్లాలో చిత్రావతి నదిలో 10 మంది చిక్కుకున్నారు. వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి వాళ్ళను కాపాడింది.

దారి లేని చోటికి కూడా హెలికాప్టర్ పోతుంది. ఉన్నచోటి నుంచే పైకి లేస్తుంది.

రెండు చక్రాలు ఎందుకు?

మామూలు హెలికాప్టర్‌కు నెత్తిన ఒక పెద్ద రెక్కల చక్రం ఉంటుంది. పడవలో నిలబడి గట్టును కర్రతో నెడితే పడవ వెనక్కి పోతుంది కదా! అట్లాగే రెక్కలు ఒక పక్కకు తిరిగితే, హెలికాప్టర్ ఒళ్ళు రెండో పక్కకు తిరగబోతుంది. దాన్ని ఆపేందుకు తోకకు చిన్న చక్రం పెడతారు.

చినూక్ అనే హెలికాప్టర్ వేరు. దానికి ముందొక పెద్ద చక్రం, వెనకొక పెద్ద చక్రం ఉంటాయి. ఒకటి కుడికి తిరిగితే ఇంకొకటి ఎడమకు తిరుగుతుంది. ఒళ్ళు కదలకుండా నిలుస్తుంది. పల్లకిని ముందూ వెనకా పట్టి మోసినట్టు, రెండు చక్రాలూ బరువు మోస్తాయి. ఒక ఇంజను ఆగిపోయినా రెండో ఇంజను రెండు చక్రాలనూ తిప్పుతుంది.

ఇది దాదాపు 10 టన్నులు మోస్తుంది. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు 200!

యుద్ధంలో, ఆపదలో

చినూక్ అమెరికాలో పుట్టింది. 1961లో మొదటిసారి ఎగిరింది. వియత్నాం యుద్ధంలో సైనికులను, ఫిరంగులను మోసింది. గాయపడినవారినీ మోసింది. 2011లో ఆఫ్ఘనిస్తాన్‌లో ఒక చినూక్‌ను కూల్చేశారు. అందులోని 38 మందీ చనిపోయారు.

2005లో పాకిస్తాన్‌లో భూకంపం వచ్చింది. అప్పుడు కొండ ఊళ్ళకు చినూక్‌లు తిండి, గుడారాలు చేర్చాయి. 2019లో ఇంగ్లండులో వేలీ బ్రిడ్జ్ ఊరి చెరువు కలుజు దెబ్బతింది. కట్ట తెగుతుందని ఊరివాళ్ళను ఖాళీ చేయించారు. చినూక్ రాళ్ళ సంచులు తెచ్చి వేసింది. కట్ట నిలిచింది.

మన దేశంలో

15 చినూక్‌లు కొనడానికి మన దేశం 2015లో ఒప్పందం చేసుకుంది. 2019 మార్చి 25న చండీగఢ్‌లో వాటిలో మొదటివి వైమానిక దళంలో చేరాయి. ఉదయగిరి దుర్గం కొండకన్నా ఎన్నో రెట్లు ఎత్తయిన హిమాలయాలకు అవి ఫిరంగులు మోస్తాయి. చినూక్ భాగాలు కొన్ని హైదరాబాదులో టాటా కర్మాగారంలో తయారయ్యాయి.

2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లో సొరంగం కూలింది. 41 మంది కూలీలు 17 రోజులు లోపలే ఉన్నారు. అందరినీ బతికుండగా బయటికి తీశారు. మర్నాడు చినూక్ వాళ్ళను రిషికేశ్ ఆసుపత్రికి చేర్చింది.

గుర్తుంచుకోండి

హెలికాప్టర్లు కొన్నే ఉంటాయి. వరద వచ్చిన ఊళ్ళు ఎన్నో ఉంటాయి. గాలివానలో అవి ఎగరడం కూడా కష్టం. “హెలికాప్టర్ వస్తుందిలే” అని కూర్చోకూడదు. దండోరా వినగానే పిల్లలనూ ముసలివాళ్ళనూ మెరకకు చేర్చాలి.

ఆలోచించండి

1. చినూక్‌కు తోక చక్రం ఎందుకు అక్కర్లేదు?
2. యుద్ధానికి చేసిన యంత్రం ప్రాణాలు ఎట్లా కాపాడింది?
3. మీ ఊరికి వరద వస్తే మెరక ఎక్కడుంది? అక్కడికి ముందు ఎవరిని చేర్చాలి?