క్షేత్ర సర్వరు బయటివారికి తెరుచుకోనపుడు: లోప నిర్ధారణ క్రమం

నెల్లూరు తీర మండలాలలో వరి మళ్లు, రొయ్యల గుంటలు చేరువ చేరువగా ఉంటాయి. కాలువ నీరు ఉప్పబారితే మడిలో లవణాలు పేరుకుంటాయి. నేల సంతృప్త సారపు విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసీసైమన్లు దాటిన పిదప వరి దిగుబడి తగ్గనారంభిస్తుంది. నీటి లవణీయతను కొలిచి, క్షేత్రంలోని చిన్న సర్వరు ద్వారా వెబ్ పేజీగా చూపే ఏర్పాటు ఇందుకే ఉపకరిస్తుంది. ఆ పేజీ క్షేత్రంలో తెరుచుకుని, నెల్లూరులోని విస్తరణాధికారికి తెరుచుకోకపోతే కొలత ఉన్నా సలహా అందదు.

లోపాన్ని సర్వరు నుండి బయటి దిశగా, వరుస తప్పకుండా వెదకవలెను.

1. పేజీని మొదట సర్వరులోను, తరువాత అదే నెట్‌వర్కులోని మరొక కంప్యూటరులోను తెరవాలి. సర్వరులో మాత్రమే తెరుచుకుంటే ప్రోగ్రాము 127.0.0.1 చిరునామాకే పరిమితమై ఉండవచ్చు, లేదా ఫైర్‌వాల్ అడ్డుకుంటూ ఉండవచ్చు.

2. సర్వరుకు మారని అంతర్గత చిరునామా కేటాయించి, రౌటరులో 80 లేదా 443 పోర్టును దానికి మళ్లించాలి. బయటి పరీక్షను వైఫై ఆపిన మొబైలుతో చేయాలి. కొన్ని రౌటర్లు లోపలి నుండి తమ బాహ్య చిరునామాకు వచ్చే అభ్యర్థనను తిప్పి పంపవు. అందువలన లోపలి పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు.

3. రౌటరు బాహ్య చిరునామాను, ఇంటర్నెట్‌లో కనిపించే చిరునామాతో పోల్చాలి. నిర్ణాయకమైన పరీక్ష ఇదే. రౌటరు చిరునామా 100.64 నుండి 100.127 వరకు గల శ్రేణిలో ఉంటే, సర్వీసు సంస్థ ఒకే చిరునామాను పలువురికి పంచుతున్నదని అర్థం. ఈ శ్రేణిని 2012లో ఇందుకే ప్రత్యేకించారు. 10 లేదా 192.168తో మొదలైతే పైన మరొక రౌటరు ఉన్నట్లే. ఈ స్థితిలో క్షేత్రంలోని రౌటరును ఎంత సరిచేసినా ఫలితముండదు.

పరిష్కారాలు మూడు: సర్వీసు సంస్థ నుండి పబ్లిక్ చిరునామా పొందడం; ఇరువైపులా సౌకర్యముంటే ఐపీవీ6 వాడడం; సర్వరే బయటి మధ్యవర్తి కంప్యూటరుకు అనుసంధానమయ్యే టన్నెల్ ఏర్పరచడం. రెండు చిరునామాలు ఒకటే అయినా పేజీ రాకపోతే, ఆ పోర్టును సర్వీసు సంస్థ నిరోధించిందేమో చూడాలి.

కరెంటు పోయి వచ్చిన తరువాత బాహ్య చిరునామా మారవచ్చు. దీనికి డైనమిక్ డీఎన్ఎస్ తగిన ఉపాయం. ఈశాన్య రుతుపవనాల వర్షాలు, తుపానులు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ తీరాన్ని తాకుతాయి కనుక ఈ పరీక్షలను సెప్టెంబరులోనే ముగించడం మంచిది. పేజీకి అవసరమైన పోర్టును మాత్రమే తెరవాలి. సర్వరు నిర్వహణ మార్గాన్ని ఎన్నడూ బహిరంగపరచరాదు.