షెంజెన్ వీసా: జంషెడ్‌పూర్ నుంచి నెదర్లాండ్స్ దాకా

2007లో టాటా స్టీల్ కోరస్ కంపెనీని కొనడంతో నెదర్లాండ్స్‌లోని ఐముయిడెన్, బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్ ఉక్కు కర్మాగారాలు జంషెడ్‌పూర్‌కు బంధువులయ్యాయి. కానీ ఒకే వీసాతో రెండు చోట్లకూ వెళ్లలేం. ఐముయిడెన్‌కు షెంజెన్ వీసా, పోర్ట్ టాల్బట్‌కు బ్రిటన్ వీసా కావాలి. అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

షెంజెన్ లక్సెంబర్గ్‌లోని చిన్న ఊరు. 1985 జూన్ 14న అక్కడ మోజెల్ నదిపై నౌకలో 5 దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలను తొలగించే ఒప్పందంపై సంతకాలు చేశాయి. 1995 మార్చి 26 నుంచి అమలైంది. ఇప్పుడు సభ్యదేశాలు 29. ఐరోపా సమాఖ్యలో లేకపోయినా నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్ ఇందులో ఉన్నాయి. సమాఖ్యలో ఉన్నా ఐర్లాండ్, సైప్రస్ లేవు. ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోండి.

స్వల్పకాలిక వీసాతో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కే: జనవరి 10న దిగి 20న వెనుదిరిగితే 10 కాదు, 11 రోజులు. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, 2 ఖాళీ పేజీలుండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలు. పెద్దలకు రుసుము 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు.

రొమేనియా, బల్గేరియా 2025 జనవరి 1న పూర్తి సభ్యులయ్యాయి. పాత పుస్తకాల్లో సంఖ్య 27గా ఉంటే దిద్దుకోండి.