కారుకు పికప్ కావాలా? ముందు ఈ చిట్కాలు చూడండి

నా పుట్టిల్లు ఆళ్లగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. మధ్యలో నలభై కిలోమీటర్ల హైవే. ఇంట్లో స్విఫ్ట్ నడిపేది నేనే, మెకానిక్ షెడ్డులో బేరమాడేదీ నేనే. మీ పిల్లోడు స్విఫ్టో, ఐ20 ఎన్ లైనో, సెకండ్ హ్యాండ్ పోలోనో తెచ్చుకుని "అమ్మా, బండికి పికప్ పెంచాల, యాభై వేలు ఇయ్యి" అని వెంటపడుతుంటే, డబ్బు తీయకముందు ఇది వాడి చేతిలో పెట్టండి.

1. మొదట డిక్కీ ఖాళీ చేయించండి. పోయిన పండక్కి ఊరి నుంచి తెచ్చిన సోనామసూరి బస్తా, పాత బ్యాటరీ, పిల్లల క్రికెట్ కిట్టు అన్నీ దించితే యాభై కిలోలు పోతాయి. తొమ్మిది వందల చిల్లర కిలోల కారుకు పైసా ఖర్చు లేని పికప్ అదే.

2. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుంటే అంతే పెట్టండి. మే నెల మధ్యాహ్నం హైవే మీద నుంచి వచ్చి చూపిస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది, గాలి పట్టే కుర్రాడు కొంత తీసేస్తాడు, తెల్లారేసరికి టైరు మెత్తబడి మైలేజీ పడిపోతుంది.

3. నైట్రోజన్ గాలికి డబ్బు కట్టకండి. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

4. పెద్ద నోటు తీయాల్సొస్తే ముందు టైర్లకే తీయండి. ఇంజిన్ ఎంత లాగినా, బ్రేకు ఎంత పట్టినా రోడ్డును తాకేది ఆ నాలుగు రబ్బరు ముక్కలే. మంచి టైర్లు పడ్డాక అదే కారు మలుపులో ఎంత నిలకడగా తిరుగుతుందో మీకే తెలుస్తుంది.

5. సైజు పెంచాలనుంటే కంపెనీ టాప్ మోడల్‌కు ఇచ్చిన సైజు దగ్గరే ఆగండి. స్విఫ్ట్ కింది మోడళ్లకు 165/80 ఆర్14, టాప్ మోడల్‌కు 185/65 ఆర్15 వస్తాయి. చక్రం మొత్తం ఎత్తు రెండింటిలోనూ దాదాపు ఒకటే కాబట్టి స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, గ్రిప్పు మాత్రం పెరుగుతుంది.

6. 17 అంగుళాల చక్రాల జోలికి పోవద్దు. చూపుకు బాగుంటాయి, కానీ బరువెక్కువై ఉన్న పికప్ కూడా తగ్గుతుంది. పైగా గుంతలో పడితే పలచని టైరు, అల్లాయ్ రెండూ దెబ్బ తింటాయి.

7. అల్లాయ్ వీల్స్ కొత్తవే కొననక్కర్లేదు. టాప్ మోడల్ కొని, వారం తిరక్కుండానే ఇంకా పెద్దవి వేయించుకునే కుర్రాళ్లు తీసేసిన కంపెనీ అల్లాయ్‌లు టైర్ల షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించి, వంకర లేదని కళ్లారా చూశాకే డబ్బివ్వండి.

8. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చదవండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని. ఆఫర్ అని అంటగట్టే టైరు ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్నదైతే, మన ఎండలకు త్వరగా పగుళ్లిస్తుంది.

9. టైర్ల తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి పూర్తిగా మార్పించండి, కొన్ని వందల్లో అయ్యే పని. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. పాతబడ్డ ఆయిల్‌తో గాజులపల్లె దాటి నల్లమల ఘాట్‌లో గిద్దలూరు వైపు పోతూ, దిగుడులో బ్రేకు మీద బ్రేకు కొడితే వేడికి మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

10. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో వేసి ఇంజిన్‌తోనే బండిని పట్టండి. బ్రేకులు చల్లగా ఉంటాయి, ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లను కారెక్కించుకోవద్దు.

11. ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగొద్దు. కోతల కాలంలో మన రేగడి దుమ్ముకు అది ముందే మూసుకుపోతుంది. మూడు నాలుగు క్లిప్పులు తీసి మీరే మార్చుకోవచ్చు, లేబర్ ఛార్జీ మిగులుతుంది.

12. బానెట్ కింద మెరిసే కోను ఫిల్టర్ వద్దు. బయటి చల్లగాలికి బదులు ఇంజిన్ పక్కనున్న వేడిగాలి పీలుస్తుంది, మన ఎండాకాలంలో పికప్ ఇంకా పడిపోతుంది. మీకొచ్చేది బుస్సుమనే చప్పుడొక్కటే.

13. మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఇంజిన్ ఆయిలే పోయించండి, డబ్బా మీ ముందే తెరిపించండి. 5డబ్ల్యూ-30 అడిగే ఇంజిన్‌లో "ఎండాకాలం కదక్కా, చిక్కటిది పోద్దాం" అని 20డబ్ల్యూ-50 పోస్తే బండి బరువుగా కదులుతుంది.

14. స్పార్క్ ప్లగ్గులు అరిగితే మార్చండి, కానీ ఇరిడియం ప్లగ్గులతో హార్స్‌పవర్ పెరుగుతుందంటే నమ్మొద్దు. కొన్ని కార్లకు కంపెనీ నుంచే అవి వస్తాయి, ముందు అడిగి తెలుసుకోండి.

15. మాన్యువల్ అడగని కారుకు ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోయించొద్దు. లీటరు నూరు దాటిన రోజుల్లో ఆ డబ్బు టైర్ల చీటీలో వేయండి.

16. నీళ్ల పైపుతో, ప్రెషర్ తగ్గించి, ముందు జాలీలోంచి రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, దుమ్ము కడగండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సుమా! ఏసీ బాగా పనిచేస్తుంది, టర్బో బండి అయితే ఎండలో నీరసపడదు.

17. పెడల్‌కు తగిలించే థ్రాటిల్ కంట్రోలర్ డబ్బాకు వేలు పోయొద్దు. కొంచెం నొక్కితే ఎక్కువ నొక్కినట్టు ఇంజిన్‌ను నమ్మిస్తుందంతే, కాలు గట్టిగా నొక్కితే అదే పని ఉచితం.

18. రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం, దాని సంగతి. టర్బో లేని స్విఫ్ట్‌కు వేల రూపాయలు పోసి రీమ్యాప్ చేయిస్తే వచ్చేది పిసరంత, వద్దే వద్దు. ఐ20 ఎన్ లైన్ లాంటి టర్బో కార్లకు తేడా బాగా తెలుస్తుంది, నేను కాదనను. కానీ వారంటీ పోతుంది, క్లచ్ మీద భారం పడుతుంది, రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు కొర్రీ పెడతారు. అసలు 120 హార్స్‌పవర్ ఉన్న బండికి ఆళ్లగడ్డ రోడ్డు మీద ఇంకెంత కావాలంట?

19. మోత సైలెన్సర్ మాట ఎత్తితే లెక్క చెప్పండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టే చెప్పింది. చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఆ ఐదు వేలకు ఒక మంచి టైరొస్తుంది.

20. స్ప్రింగులు మార్చి కారు కిందికి దించొద్దు. ఊరూరికీ ఇటుకల వరుసలా లేచే స్పీడ్ బ్రేకర్లకు కింద గీసుకుపోతుంది. అరిగిన షాకప్సర్లు, బుష్‌లు మార్చి వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే సెకండ్ హ్యాండ్ బండి కూడా గీత గీసినట్టు పోతుంది.

21. ఎగువ అహోబిలం ఎక్కాకో, హైవే మీద గట్టిగా తోలాకో టర్బో బండిని టక్కున ఆపేయకండి. ఒక్క నిమిషం ఊరికే ఆన్‌లో ఉంచితే టర్బో చల్లబడుతుంది, దాని ఆయుష్షు పెరుగుతుంది.

22. మసకబారిన హెడ్‌లైట్ల చుట్టూ పెయింట్‌కు టేపు అంటించి, తెల్ల టూత్‌పేస్టుతో తడిగుడ్డ పెట్టి రుద్దండి. కడిగి ఆరాక కారు వ్యాక్స్ పూయండి, కొన్నాళ్లు మసక రాదు. రాత్రిపూట వెలుగు పెరిగితే కొత్త బల్బుల ఖర్చు తప్పుతుంది.

23. తీసేసిన కంపెనీ చక్రాలు, పార్టులు పాత సామాన్లోడికి వేయొద్దు, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. కారు అమ్మేటప్పుడు అవే తిరిగి బిగించి, పైన వేయించినవి విడిగా అమ్ముకుంటే పెట్టిన దాంట్లో కొంతైనా చేతికొస్తుంది. బిల్లులు మాత్రం పిల్లోడి దగ్గర కాదు, మీ బీరువాలో ఉండాలి.