ఎముకా, ఇత్తడా? ముందు గాడి కొలవండి

ప్రశ్న: స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్ సొంతంగా తయారుచేసుకుంటున్నాను. నెక్‌తో వచ్చిన ప్లాస్టిక్ నట్ తీసేసి ఎముకది వేయాలా, ఇత్తడిదా? ట్రెమొలో వాడితే శ్రుతి పోతుందేమోనని భయం.

జవాబు: ఏ పదార్థమన్నది తర్వాతి మాట. ముందు వెర్నియర్ కాలిపర్ తీసి నెక్ మీది గాడి కొలవండి. ఫెండర్ తరహా గాడి వెడల్పు దాదాపు 3.2 మిల్లీమీటర్లే, గిబ్సన్‌ది ఇంకా ఎక్కువ. నట్ పొడవు పాత ఫెండర్లలో 42 దరిదాపు, ఇప్పటివాటిలో 43కి దగ్గర. గాడి అడుగు వంపుగా ఉంటే చదును నట్ కుదురుగా కూర్చోదు.

ఎముకకూ ఇత్తడికీ ఉన్న తేడా ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటిన తీగలోనే ప్రధానంగా వినిపిస్తుంది. నొక్కాక తీగ పలికేది ఫ్రెట్ మీంచి కదా! దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

శ్రుతి పోవడమంటారా, అది చాలావరకు రాపిడి తగవు. ట్యూనర్ తిప్పుతుంటే ‘టింగ్’మందంటే తీగ నట్ కోతలో ఇరుక్కున్నట్టే. అందుకే ట్రెమొలో వాడేవాళ్లకు నా ఓటు గ్రాఫైట్ నట్‌కే. ఎముకే కావాలంటే కోతల్లో పెన్సిల్ ముల్లు రుద్దండి, బాగానే జారుతుంది.

కోత లోతు దగ్గరే అసలు పరీక్ష. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. వెంట్రుకవాసి సందు ఉంటే చాలు. సన్న ఆకురాయితో, ట్యూనర్ల వైపు వాలుగా, రెండు రుద్దులకోసారి ఆగి చూసుకోండి. ఎక్కువ అరిగితే తీగ జుయ్యిమంటుంది. తొందరపడి నేనూ రెండు నట్లు పారేశాను. అంటించడానికి జిగురు ఒక్క చుక్క చాలు, రేపు మళ్లీ తీయాల్సి రావచ్చు.